హ్యారీ డీన్ స్టాంటన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

‘ఏలియన్’లో పిల్లిని వెతుక్కుంటూ వెళ్ళి చచ్చిపోయేవాడు ఎవరు? ‘గ్రీన్ మైల్’లో కరెంటు కుర్చీలో ఊరికే కూర్చుని అందరినీ నవ్వించే ఖైదీ ఎవరు? ‘అవెంజర్స్’లో హల్క్‌కి ప్యాంటు ఇచ్చిన ముసలాయన ఎవరు? ఈ మూడూ నన్ను వేరువేరు మనుషులు వేరువేరు సందర్భాల్లో అడిగారు. మూడింటికీ జవాబు ఒక్కడే. అందుకే మళ్ళీ మళ్ళీ చెప్పే పని లేకుండా అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. కొన్నిటికి జవాబు ఒక ముక్కలో అయిపోతుంది, కొన్నిచోట్ల మాత్రం నాకు ఆగబుద్ధి కాలేదు.

ఇంతకీ ఎవరీయన?

హాలీవుడ్‌లో అరవై ఏళ్ళకు పైగా పనిచేసిన క్యారెక్టర్ ఆర్టిస్ట్. 1926 జూలై 14న అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో వెస్ట్ ఇర్విన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు, 2017 సెప్టెంబర్ 15న లాస్ ఏంజెలిస్‌లో 91 ఏళ్ళ వయసులో పోయాడు. వందకు పైగా సినిమాలు, అవి కాక బోలెడన్ని టీవీ ఎపిసోడ్లు. వాటిలో ఆయనే హీరో అని చెప్పుకోదగ్గవి రెండంటే రెండు. ఒకటి 1984లో ‘ప్యారిస్, టెక్సస్’, ఇంకొకటి 2017లో ‘లకీ’. మధ్యలో ముప్పై మూడేళ్ళు.

సపోర్టింగ్ యాక్టర్ అన్నా క్యారెక్టర్ ఆర్టిస్ట్ అన్నా ఒకటేనా?

అందరూ ఒకేలా వాడేస్తారు గానీ తేడా ఉంది. సపోర్టింగ్ అంటే ఆ ఒక్క సినిమాలో నీ చోటు ఎక్కడా అన్నది. పెద్ద స్టార్ కూడా ఒక సినిమాలో సపోర్టింగ్ చేసి, ఆస్కార్ పట్టుకుని, మళ్ళీ హీరో వేషాలకి వెళ్ళిపోవచ్చు. క్యారెక్టర్ ఆర్టిస్ట్ అంటే అదే బతుకుతెరువు. మన గుమ్మడిగారు వయసులో ఉండగానే తండ్రి వేషాలు వేసినట్టు, ఈయన కూడా ముప్పై ఐదేళ్ళకే యాభై ఏళ్ళ మనిషిలా ఉండేవాడు. లోతుకుపోయిన బుగ్గలు, కిందికి వాలిన కళ్ళు, రెండు రోజులుగా నిద్ర లేదేమో అనిపించే వాలకం. ఆ మొహానికి హీరో వేషం ఎవరిస్తారు?

సహాయ నటులకి విడిగా ఆస్కార్ ఇవ్వడం 1936 సినిమాలతో మొదలైంది. మొదట్లో వాళ్ళకి బొమ్మ కూడా ఇవ్వలేదు, ఒక పలక చేతిలో పెట్టి పంపేవాళ్ళు. మొదటి పలక అందుకున్నది వాల్టర్ బ్రెన్నన్, అయిదేళ్ళలో మూడుసార్లు కొట్టాడు. అప్పట్లో జూనియర్ ఆర్టిస్టులకి కూడా ఓటు ఉండేది, ఆయనా ఒకప్పుడు ఆ గుంపులోంచి వచ్చినవాడే కాబట్టి వాళ్ళంతా మనవాడని గుద్దేశారని చెప్తారు. స్టాంటన్‌కి అలాంటి ఓటు బ్యాంకు లేదు. ఆ సంగతి కిందకి వెళ్ళాక.

చిన్నతనం ఎలా గడిచింది?

తండ్రి పొగాకు రైతు, క్షౌరం పని కూడా చేసేవాడు. తల్లి జుట్టు అలంకరణ పని చేసేది. ముగ్గురు అన్నదమ్ముల్లో ఈయన పెద్దవాడు. హైస్కూల్లో ఉండగా తల్లిదండ్రులు విడిపోయారు. పాటంటే చిన్నప్పట్నుంచీ పిచ్చి, అది చివరిదాకా పోలేదు.

యుద్ధానికి వెళ్ళాడంటారు, నిజమా?

నిజమే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళంలో వంటవాడు. యుద్ధ ట్యాంకుల్ని తీరానికి దించే పెద్ద ఓడలో వంట చేస్తూ 1945 ఒకినావా యుద్ధం దాకా వెళ్ళాడు. జపాన్ ఆత్మాహుతి విమానాలు ఓడల మీద వచ్చి పడుతున్న రోజులవి. వంటగదిలో ఉన్నవాడికి తుపాకీ లేదు కదా అని ప్రమాదమేమీ తగ్గదు, ఓడ మునిగితే వంటవాడూ మునుగుతాడు. ఆయన దీన్ని గొప్పగా చెప్పుకుని తిరగలేదు. డెబ్భై ఏళ్ళ తర్వాత ఒక సినిమాలో మాత్రం ఇది బయటికొచ్చింది.

సినిమాల్లోకి ఎలా వచ్చాడు?

యుద్ధం అయ్యాక లెక్సింగ్టన్‌లోని కెంటకీ యూనివర్సిటీలో జర్నలిజం, రేడియో చదవడానికి చేరాడు. అక్కడ బెర్నార్డ్ షా ‘పిగ్మాలియన్’ నాటకంలో వేషం వేశాడు, అంతే, చదువు గాలికి పోయింది. డిగ్రీ పూర్తి చేయకుండానే కాలిఫోర్నియా వెళ్ళి పాసడీనా ప్లేహౌస్‌లో నటన నేర్చుకున్నాడు. మధ్యలో ఒక బృందగాన ట్రూపుతో ఊళ్ళు తిరిగాడు, పిల్లల నాటకాలు ఆడాడు.

1950ల మధ్యలో టీవీ, సినిమా రెండూ మొదలయ్యాయి. హిచ్‌కాక్ తీసిన ‘ది రాంగ్ మ్యాన్’ (1956)లో ఉన్నాడు గానీ టైటిల్స్‌లో పేరు పడలేదు. తర్వాత పదేళ్ళూ ఎక్కువగా టీవీ కౌబాయ్ సీరియళ్ళే. ‘గన్‌స్మోక్’, ‘రాహైడ్’, ‘బొనాంజా’, ఇలా ఏది దొరికితే అది. వారానికో ఊరు, ఆ ఊళ్ళో ఒక దొంగ, ఆ దొంగ వెనకాల గుర్రం మీద ఇంకో ఇద్దరు. ఆ ఇద్దర్లో ఒకడు ఈయన.

కొన్ని పాత సినిమాల్లో ‘డీన్ స్టాంటన్’ అని పడుతుంది. వేరే మనిషా?

ఆయనే. అప్పటికే హ్యారీ స్టాంటన్ అనే ఇంకో నటుడు ఉండటంతో కన్‌ఫ్యూజన్ ఎందుకని ముందు పేరు తీసేశాడు. తర్వాత మూడు ముక్కలూ కలిపి పెట్టుకున్నాడు.

దీనికో తోక కూడా ఉంది. స్టీఫెన్ కింగ్ కథతో వచ్చిన ‘గ్రీన్ మైల్’ (1999)లో ఒక జైలు గార్డు పాత్ర పేరు డీన్ స్టాంటన్. వేసింది బ్యారీ పెప్పర్. అదే సినిమాలో అసలు స్టాంటన్ టూట్ అనే ముసలి ఖైదీగా ఉన్నాడు. మరణశిక్ష రిహార్సల్ కోసం గార్డులు ఈయన్ని కరెంటు కుర్చీలో కూర్చోబెట్టి కట్టేస్తే, ఈయన ఆఖరి మాటలంటూ పిచ్చి వాగుడు వాగుతాడు. అంత బరువైన సినిమాలో థియేటరంతా నవ్వేది అక్కడే. ఆ తర్వాత అదే కుర్చీలో నిజం మనిషి కూర్చుంటాడు, అప్పుడు ఆ నవ్వు గొంతులో అడ్డం పడుతుంది.

ఆయన కెరీర్‌లో మలుపు ఏది?

చాలామంది ‘ప్యారిస్, టెక్సస్’ అంటారు. నేను ఒప్పుకోను. అసలు మలుపు 1960ల మధ్యలో తీసిన ఒక చిన్న కౌబాయ్ సినిమా, ‘రైడ్ ఇన్ ద వర్ల్‌విండ్’. దర్శకుడు మాంటీ హెల్‌మన్, కథ రాసిందీ ఒక వేషం వేసిందీ జాక్ నికల్సన్, అప్పటికి నికల్సన్ ఎవరో లోకానికి తెలీదు. స్టాంటన్‌కి ఒంటికన్ను దొంగల నాయకుడి వేషం ఇచ్చి నికల్సన్ ఒకే ఒక్క మాట చెప్పాడట: నువ్వేమీ చేయకు, ఆ కంటి పట్టీ, ఆ టోపీ, ఆ బట్టలే నటిస్తాయి, నువ్వు ఊరికే ఉండు.

పదేళ్ళుగా దొంగ వేషాలు వేసి వేసి కళ్ళు చిట్లించడం, పళ్ళు కొరకడం అలవాటైన మనిషికి ఇది కొత్త పాఠం. దీన్ని ఆయన తర్వాత ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. అంతకుముందు సీరియళ్ళనీ తర్వాతి సినిమాలనీ పక్కపక్కన పెట్టి చూస్తే మీకే తేడా తెలిసిపోతుంది.

ఏమీ చేయకపోవడం కూడా నటనేనా? మరీ ఎక్కువ చేసి చెప్తున్నారేమో?

సరే, ‘ఏలియన్’ (1979) పెట్టుకుని చూద్దాం. అందులో ఓడ సిబ్బంది మొత్తం ఏడుగురు. ఈయన బ్రెట్, ఇంజిన్ గదిలో పనివాడు. పక్కనే పార్కర్ (యాఫెట్ కోటో). వీళ్ళిద్దరి గోలా బోనస్ గురించే, పైవాళ్ళతో సమానంగా మాకూ వాటా ఎందుకివ్వరని. మాట్లాడేదంతా పార్కర్. బ్రెట్ పక్కన నిలబడి ప్రతిదానికీ “రైట్” అంటాడు. అంతే డైలాగు. కానీ మీరు ఏ ఫ్యాక్టరీకి వెళ్ళినా, ఏ మెకానిక్ షెడ్డుకి వెళ్ళినా అలాంటి మనిషి ఒకడు కచ్చితంగా కనిపిస్తాడు, తన తరఫున ఇంకొకడు గొడవ పడుతుంటే తల ఊపేవాడు. అంతరిక్షంలో జరిగే కథ మన పక్క వీధి కథలా అనిపించడానికి సగం కారణం ఆ “రైట్”.

ఇక ఆ పిల్లి సీను. బ్రెట్ ఒక్కడే పెద్ద గదిలోకి వెళ్తాడు. పైనుంచి గొలుసులు వేలాడుతుంటాయి, ఎక్కడి నుంచో నీళ్ళు కారుతుంటాయి. పిల్లిని పిలుస్తూ నడిచి, ఒకచోట ఆగి, కారే నీళ్ళ కింద మొహం పెట్టి నిలబడతాడు. భయపడే మొహం పెట్టడు. పని మధ్యలో అలిసిపోయి చల్లటి నీళ్ళు దొరికితే ఎవరైనా ఏం చేస్తారో అదే చేస్తాడు. మనకి తెలుసు వెనక ఏదో ఉందని, ఆయనకి తెలీదు, తెలీనట్టు నటించడు కూడా, నిజంగానే తెలీనట్టు ఉంటాడు. మొహంలో ముందే టెన్షన్ చూపించే నటుడైతే ఆ సీను పండేది కాదు. ఎన్నిసార్లు చూసినా నాకు అక్కడ కాళ్ళు ముడుచుకుంటాయి.

ఇంకో ముచ్చట. ఈ వేషం కోసం దర్శకుడు రిడ్లీ స్కాట్‌ని కలిసినప్పుడు, నాకు సైన్స్ ఫిక్షన్ సినిమాలూ రాక్షసుల సినిమాలూ నచ్చవు అని మొహం మీదే చెప్పేశాడట. అయినా వేషం వచ్చింది.

‘గాడ్‌ఫాదర్’లో కూడా ఉన్నాడా?

రెండో భాగంలో (1974). మాఫియా మీద సాక్ష్యం చెప్పడానికి వచ్చిన పెంటాంజెలీ అనే పాత్రకి కాపలా కాసే ఎఫ్‌బీఐ మనిషి. పాత్రకి పేరు కూడా లేదు. ‘కూల్ హ్యాండ్ ల్యూక్’ (1967)లో మాత్రం ఖైదీల్లో ఒకడిగా కాస్త ఎక్కువసేపు కనిపిస్తాడు, పాడతాడు కూడా.

జాక్ నికల్సన్‌తో స్నేహం?

1962లో నికల్సన్ పెళ్ళికి తోడుపెళ్ళికొడుకు ఈయనే. ఆ పెళ్ళి పెటాకులయ్యాక ఇద్దరూ కొన్నాళ్ళు ఒకే ఇంట్లో ఉన్నారు. ఒకడు సూపర్‌స్టార్ అయ్యాడు, ఇంకొకడు కాలేదు, స్నేహం మాత్రం అలాగే ఉంది. బాబ్ డిలన్‌తోనూ అంతే, 1973లో వచ్చిన ‘ప్యాట్ గారెట్ అండ్ బిల్లీ ద కిడ్’ కోసం మెక్సికోలో షూటింగ్ చేస్తుండగా కలిశారు, గిటార్ ఉన్నచోట ఈయనకి స్నేహం కుదరడం కష్టం కాదు.

ఈయన పేరు మీద ఏదో ‘రూల్’ ఉందంట కదా?

ఉంది. సినీ విమర్శకుడు రోజర్ ఎబర్ట్ పెట్టాడు. హ్యారీ డీన్ స్టాంటన్ గానీ ఎమ్మెట్ వాల్ష్ గానీ సహాయ పాత్రలో ఉన్న ఏ సినిమా పూర్తిగా చెత్త కాలేదు అన్నది ఆ రూలు. దాన్ని స్టాంటన్-వాల్ష్ రూల్ అంటారు. తర్వాత ‘డ్రీమ్ ఎ లిటిల్ డ్రీమ్’ (1989) చూసి రూలు తప్పిందని ఆయనే ఒప్పుకున్నాడు. ఇద్దరూ కలిసి ఉన్న సినిమా కావాలంటే ‘స్ట్రెయిట్ టైమ్’ (1978) చూడండి, డస్టిన్ హాఫ్‌మన్ హీరో. జైలు నుంచి బయటికొచ్చి ఇల్లూ వాకిలీ పెట్టుకుని బుద్ధిగా బతుకుతున్న పాత దొంగ ఈయన.

‘ప్యారిస్, టెక్సస్’ వేషం ఎలా దొరికింది?

శాంటా ఫే ఊళ్ళో ఒక బార్‌లో. నాటక రచయిత శామ్ షెపర్డ్‌తో మందు కొడుతూ, ఈ వేషాలు వేసి వేసి విసుగెత్తింది, కాస్త అందం, కాస్త సున్నితత్వం ఉన్న పాత్ర ఏదైనా చేయాలని ఉందన్నాడు. వేషం అడగలేదు, గోడు చెప్పుకున్నాడంతే. తర్వాత షెపర్డ్ ఫోన్ చేసి, జర్మన్ దర్శకుడు విమ్ వెండర్స్ సినిమాలో హీరో నువ్వే అన్నాడు. అప్పటికి ఈయన వయసు 57 దాటింది.

సినిమా మొదలవగానే ఎడారిలో ఎర్ర టోపీ పెట్టుకుని, దుమ్ము కొట్టుకుపోయిన కోటుతో ఒక మనిషి నడుస్తుంటాడు. పేరు ట్రావిస్. నాలుగేళ్ళుగా కనపడకుండా పోయినవాడు. ఇరవై నిమిషాలు దాటినా నోరు విప్పడు. తమ్ముడు వచ్చి కారెక్కించుకుని, తిట్టి, బతిమాలి, అలిసిపోతాడు, ఈయన మాత్రం దూరంగా చూస్తూ ఉంటాడు. ఒక హీరో అరగంట దగ్గరదాకా మాట్లాడకపోతే జనం లేచి వెళ్ళిపోవాలి. వెళ్ళరు, ఎందుకంటే ఆ మొహంలో ఎప్పుడు ఏం కదులుతుందా అని చూస్తూ కూర్చుంటారు.

చివర్లో తప్పిపోయిన భార్య జేన్ (నస్తాషియా కిన్‌స్కీ) దొరుకుతుంది. డబ్బు కట్టిన మగవాళ్ళు అద్దం ఇవతల కూర్చుని ఫోన్లో మాట్లాడే చోట పనిచేస్తుంటుంది. ఇవతలి మనిషికి ఆమె కనిపిస్తుంది, ఆమెకి మాత్రం అద్దంలో తనే కనిపిస్తుంది. ట్రావిస్ కుర్చీని అటు తిప్పుకుని, అద్దానికి వీపు పెట్టి కూర్చుని ఫోన్ పట్టుకుంటాడు. నాకు కొంతమంది తెలుసు అంటూ ఒక కథ మొదలుపెడతాడు. ఒక మగవాడు, ఒక చిన్న వయసు అమ్మాయి, అతని అనుమానం, తాగుడు, ఆమెని కట్టేయడం, మంటలు. గొంతు పెంచడు. ఏడవడు. ఊళ్ళో ఎవరికో జరిగింది చెప్తున్నట్టు చెప్తాడు. ఆమె మొహంలో ఒక్కో గీతా మారుతూ ఉంటుంది, ఎక్కడో ఒకచోట ఈ కథ తనదేనని ఆమెకి తెలిసిపోతుంది. తను చేసిన పాపం చెప్పుకునేవాడు ఎదుటి మనిషి మొహం చూడలేడు కదా, అందుకే ఆ వీపు.

1984 కాన్ చిత్రోత్సవంలో ఈ సినిమాకి అత్యున్నత బహుమతి పామ్ డోర్ వచ్చింది. ఇన్నాళ్ళకి నేను కోరుకున్న వేషం దొరికింది, ఇక ఇంకో సినిమా చేయకపోయినా పర్లేదు అన్నాడు స్టాంటన్.

మరి ఆ తర్వాత హీరోగా ఎందుకు నిలబడలేదు?

ఈ ప్రశ్నలో జాలి ఉంటుంది, నాకది నచ్చదు. ‘పాపం, అంత గొప్పగా చేసినా మళ్ళీ చిన్న వేషాలే’ అని. అదే 1984లో ఆయనవి ఇంకో రెండు సినిమాలు వచ్చాయి. ‘రెడ్ డాన్’లో కంచె అవతల నిలబడి కొడుకులతో నాలుగు మాటలు చెప్పే తండ్రి. ‘రెపో మ్యాన్’లో బడ్. రెపో మ్యాన్ అంటే ఫైనాన్స్‌లో తీసుకున్న కారుకి వాయిదాలు కట్టకపోతే వచ్చి బండి సీజ్ చేసి పట్టుకుపోయేవాడు, మనకి బాగా తెలిసిన శాల్తీయే. ఆ పనికి కూడా ఒక నీతి నియమావళి ఉందని కుర్రాడికి పాఠాలు చెప్తూ, తనే వాటిని తప్పుతూ తిరిగే వేషం. అందులో ఆయన ఎంత చిరాకుగా ఉంటాడో, ‘ప్యారిస్, టెక్సస్’లో అంత మెత్తగా ఉంటాడు. రెండూ ఒకే సంవత్సరం.

తర్వాత 1986లో ‘ప్రెటీ ఇన్ పింక్’లో భార్య వదిలేసి పోయి మంచం దిగలేని తండ్రి, 1988లో స్కోర్సేసీ ‘ద లాస్ట్ టెంప్టేషన్ ఆఫ్ క్రైస్ట్’లో పాల్. 58 ఏళ్ళ ఎముకల గూడు మనిషికి హాలీవుడ్ వరసగా హీరో వేషాలు రాయదు, అది ఆయనకి తెలుసు. చేతిలోకి వచ్చింది చేశాడు. వేషం చిన్నదని తక్కువ చేసి చేసింది నేనెక్కడా చూడలేదు.

ఆస్కార్ వచ్చిందా?

లేదు. ఒక్క నామినేషన్ కూడా లేదు. ‘ప్యారిస్, టెక్సస్’ మొత్తానికే ఒక్క విభాగంలోనూ ఆస్కార్ నామినేషన్ రాలేదు, కాబట్టి ఆయన్ని ఒక్కణ్నే పక్కన పెట్టారని కూడా అనలేం. సహాయ నటుడి అవార్డు ఎప్పుడూ పెద్ద ఏడుపు సీనో పెద్ద అరుపు సీనో ఉన్నవాళ్ళ వైపు మొగ్గుతుంది. గొంతు తగ్గించే మనిషి ఓటు వేసేవాళ్ళకి వినపడడు.

ఇలాంటి నటులకి బతకడానికి డబ్బు సరిపోతుందా?

స్టార్లలా కోట్లు రావు, కానీ అక్కడ యూనియన్ గట్టిది. రోజుకి ఇంత, వారానికి ఇంత కంటే తక్కువ ఇవ్వకూడదని ఒప్పందం ఉంటుంది. దాని పైన రెసిడ్యువల్స్ ఉంటాయి, అంటే నువ్వు నటించింది టీవీలోనో ఇంకో చోటో మళ్ళీ వేసినప్పుడల్లా నీకు కొంత వాటా. సినిమాలు టీవీలో వేస్తే ఈ వాటా ఇవ్వాలని నటులు 1960లో సమ్మె చేసి సాధించుకున్నారు. అప్పుడు సంఘం అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్, అవును, తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఆ రీగనే. పేరున్న సినిమాల్లో చిన్న వేషాలు వంద ఉన్నవాడికి ఇది చిన్న పింఛను లాంటిది, చెక్కులు చిన్నవే గానీ వస్తూనే ఉంటాయి.

డేవిడ్ లించ్ సినిమాల్లో ప్రతిసారీ ఈయనే ఎందుకు?

ఇద్దరికీ మౌనం అంటే ఇష్టం, సిగరెట్ అంటే ఇంకా ఇష్టం. ‘వైల్డ్ ఎట్ హార్ట్’ (1990), ‘ట్విన్ పీక్స్’ సినిమా (1992), మళ్ళీ 2017లో వచ్చిన ‘ట్విన్ పీక్స్’ సిరీస్, ‘ఇన్‌లాండ్ ఎంపైర్’ (2006), అన్నిట్లో ఉన్నాడు. కానీ నేను చెప్పదలుచుకుంది ‘ద స్ట్రెయిట్ స్టోరీ’ (1999) గురించి.

ఇది నిజంగా జరిగింది. ఆల్విన్ స్ట్రెయిట్ అనే 73 ఏళ్ళ ముసలాయనకి కారు లైసెన్స్ లేదు, చూపు సరిగ్గా లేదు. పక్షవాతం వచ్చిన అన్నని చూడాలి, అన్నతో ఏళ్ళ తరబడి మాటల్లేవు. 1994లో గడ్డి కోసే బండి మీద కూర్చుని, వెనక ఒక ట్రెయిలర్ కట్టుకుని, ఐయోవా రాష్ట్రం నుంచి విస్కాన్సిన్ దాకా దాదాపు 240 మైళ్ళు వెళ్ళాడు. ఆల్విన్‌గా రిచర్డ్ ఫార్న్స్‌వర్త్ వేశాడు. సినిమా అంతా ఆ ప్రయాణమే. అన్న లైల్ గురించి వింటూ ఉంటాం, కనపడడు. ఆఖర్న ఆల్విన్ ఒక పాత ఇంటి ముందు ఆగి కేక వేస్తాడు. లోపల్నుంచి వాకర్ పట్టుకుని వచ్చేది స్టాంటన్.

కూర్చోమంటాడు. ఇద్దరూ కూర్చుంటారు. లైల్ ఆ గడ్డి బండి వైపు చూస్తాడు, చూస్తూనే ఉంటాడు. దాని మీదే ఇంత దూరం నన్ను చూడటానికి వచ్చావా అని అడుగుతాడు. అవునంటాడు తమ్ముడు. అంతే. స్టాంటన్ పెదవి వణుకుతుంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, ఆయన తల తిప్పుకుంటాడు. దెబ్బలాడుకున్న అన్నదమ్ములు ఎవరింట్లో లేరు? క్షమించమనే మాట ఇద్దరూ అనరు. రెండు గంటల దగ్గరి సినిమా బరువంతా కాసేపు కనిపించే ఒక మనిషి మీద పెట్టాడు లించ్, ఆ మనిషి తేలిగ్గా మోసేశాడు.

టీవీలో పెద్ద వేషం ఏదీ చేయలేదా?

చేశాడు. ‘బిగ్ లవ్’ సిరీస్‌లో 2006 నుంచి 2010 దాకా రోమన్ గ్రాంట్. బహుభార్యత్వం పాటించే ఒక మత వర్గానికి ప్రవక్తనని చెప్పుకునే ముసలి నక్క. ఈయన మెత్తదనమే చూసినవాళ్ళకి ఇది షాక్. గొంతు అదే, ఆ నెమ్మదీ అదే, కానీ ఇక్కడ ఆ నెమ్మది చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

‘అవెంజర్స్’లో కనిపిస్తాడా? నాకు గుర్తులేదే!

2012 నాటి మొదటి ‘అవెంజర్స్’లో. హల్క్ ఆకాశం నుంచి పాత గోడౌన్ పైకప్పు బద్దలుకొట్టుకుని పడతాడు, మామూలు మనిషిగా మారి లేచేసరికి ఒంటిమీద బట్టల్లేవు. ఎదురుగా సెక్యూరిటీ గార్డు. ఏమాత్రం కంగారు పడకుండా, నువ్వు ఏలియన్‌వా అని అడుగుతాడు. 1979లో ఏలియన్ చేతిలో చచ్చినవాడు అడగాల్సిన ప్రశ్నే. పిల్లలకి చూపించాలంటే ‘రాంగో’ (2011) ఉంది, కానీ అందులో గొంతు మాత్రమే.

పాటలు నిజంగా పాడేవాడా?

బాగా. గిటార్, మౌతార్గాన్ రెండూ వాయించేవాడు, సొంత బ్యాండుతో లాస్ ఏంజెలిస్ క్లబ్బుల్లో పాడేవాడు. ‘ప్యారిస్, టెక్సస్’ ఆల్బమ్‌లో రై కూడర్ గిటార్‌తో ఒక పాత మెక్సికన్ పాట ఈయన గొంతులో ఉంది, సొంతూరికి దూరమైనవాడి పాట. గల్ఫ్‌లోనో డాలస్‌లోనో ఉన్నవాళ్ళు రాత్రిపూట వినకండి.

పెళ్ళి, పిల్లలు?

పెళ్ళి చేసుకోలేదు. మల్‌హాలండ్ డ్రైవ్ మీద ఇంట్లో ఒక్కడే ఉండేవాడు, సిగరెట్, క్రాస్‌వర్డ్, టీవీ గేమ్ షోలు. 1996లో దొంగలు ఇంట్లో పడి ఆయన్ని కొట్టి కట్టేసి కారు ఎత్తుకుపోయారు. కారులో ఉన్న ట్రాకింగ్ పరికరం పుణ్యాన దొరికిపోయారు. కార్లు పట్టుకుపోయే వేషం వేసినవాడికే ఇలా జరిగింది.

దేవుణ్ణి నమ్మేవాడు కాదా?

కాదు. బౌద్ధం, తావో పుస్తకాలు చదివేవాడు, నేను అనేదే లేదు అంటుండేవాడు. 2012లో సోఫీ హూబర్ ఆయన మీద తీసిన డాక్యుమెంటరీలో డేవిడ్ లించ్ ఎదురుగా కూర్చుని, నిన్ను జనం ఎలా గుర్తుపెట్టుకోవాలని కోరుకుంటావు అని అడుగుతాడు. ‘ఎలా అయినా ఫర్వాలేదు’ అని జవాబు. పోజు కొట్టి చెప్పిన మాట కాదు, మొహం చూస్తే తెలుస్తుంది. సొంత రాష్ట్రం వాళ్ళు మాత్రం ఆయన మాట వినలేదు, 2011లో లెక్సింగ్టన్‌లో ఆయన పేరు మీద సినిమా పండుగ మొదలుపెట్టారు.

‘లకీ’ ఆయన జీవితకథేనా?

చాలామట్టుకు. రాసినవాళ్ళలో ఒకడు ఆయన దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసిన స్నేహితుడు. దర్శకుడు జాన్ క్యారల్ లించ్, ఆయనా క్యారెక్టర్ ఆర్టిస్టే (డేవిడ్ లించ్‌కి బంధువు కాదు). ఎడారి ఊళ్ళో ఒంటరిగా ఉండే తొంభై ఏళ్ళ ముసలాయన, పొద్దున్నే వ్యాయామం, సిగరెట్, కాఫీ, క్రాస్‌వర్డ్, సాయంత్రం బార్. ఒకరోజు ఉన్నట్టుండి కింద పడతాడు. డాక్టర్ పరీక్షలన్నీ చేసి, నీకే జబ్బూ లేదు, ముసలివాడివయ్యావంతే అంటాడు. చావు దగ్గరపడిందన్న సంగతి అప్పుడు తలకెక్కుతుంది.

డేవిడ్ లించ్ ఇందులో నటించాడు, ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ అని పేరు పెట్టుకున్న తాబేలు పారిపోయిందని ఏడ్చే స్నేహితుడిగా. ఇంకో సీనులో టామ్ స్కెరిట్ వస్తాడు, ‘ఏలియన్’లో ఓడ కెప్టెన్ ఆయనే. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత ఇద్దరూ ముసలి మాజీ సైనికులుగా హోటల్ బల్ల దగ్గర కూర్చుని యుద్ధం గురించి మాట్లాడుకుంటారు. పైన చెప్పిన ఓడ, వంటగది ఇక్కడ తెర మీదకి వచ్చాయి. స్టాంటన్ ఎక్కువ వింటాడు. వినడంలో ఆయన్ని మించినవాడు లేడు.

సినిమా అమెరికా థియేటర్లలోకి వచ్చింది 2017 సెప్టెంబర్ 29న. ఆయన పోయి సరిగ్గా రెండు వారాలు.

ఇప్పటిదాకా ఒక్కటీ చూడలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

‘ఏలియన్’తో. తర్వాత ‘రెపో మ్యాన్’, కాస్త పిచ్చిపిచ్చిగా ఉంటుంది, ఓపిక పట్టండి. ‘ప్యారిస్, టెక్సస్’ ఒక ఖాళీ సాయంత్రం చూసుకుని ఫోన్ పక్క గదిలో పెట్టి చూడండి, లేకపోతే ఆ మొదటి మౌనం దాటలేరు. ‘లకీ’ చివరికి ఉంచుకోండి. ‘స్ట్రెయిట్ స్టోరీ’ ఎప్పుడైనా చూడొచ్చు, కాకపోతే గంట గడిచినా ఈయన ఎక్కడా కనపడట్లేదని కట్టేయకండి. వస్తాడు.